తొమ్మిదంగుళాల దుక్కి

"కప్పు ఎక్కడుందో చెప్పేదాకా నేను ప్యాంటు వేసుకోను."

ఈ మాట అన్నది చిన్నపిల్లాడు కాదు, తల నెరిసిన క్లెమెంట్ టక్‌వెల్. చారల పైజమాలో, మెట్ల మధ్యలో, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పైకి వెళ్లేవాళ్లకీ కిందికి దిగేవాళ్లకీ సమానంగా అడ్డం.

మేవిస్ కింద నిలబడి మొగుణ్ని చూసింది. ఆవిడ చేతిలో పిండి కలిపే చెక్క గరిటె ఉంది. దాంతో ఏం చెయ్యాలనిపించిందో ఆవిడ తర్వాత కూడా ఎవరికీ చెప్పలేదు.

"క్లెమ్, పదకొండింటికి మధ్యవర్తి వస్తోంది. ఆవిడెవరనుకున్నావ్? మనం ఈ ఇంట్లో ఉండాలో ఖాళీ చెయ్యాలో తేల్చే మనిషి. ఆవిడ ముందుకి పైజమాతో వస్తావా?"

"వస్తాను. నా ఇల్లు, నా ఇష్టం."

"నీ ఇల్లు కాదు. అదేగా గొడవ."

ఇల్లు, చేలు, గొర్రెల కొట్టం, పెరట్లో కాయని ఆపిల్ చెట్టుతో సహా అన్నీ స్నెడ్‌బరీ ఎస్టేటువే. క్లెమెంట్ తండ్రి కౌలుకు తీసుకున్నాడు. ఆయన తర్వాత క్లెమెంట్. క్లెమెంట్ తర్వాత కూతురు రొవీనా. పాత కౌలు చట్టం మూడు తరాల దాకా ఎవర్నీ కదిలించనివ్వదు, రైతు తప్పు చేస్తే తప్ప. ఎస్టేటు వాళ్లకి గొర్రెల కొట్టాన్ని పెళ్లిళ్లకి అద్దెకిచ్చే హాలుగా మార్చాలని చాలాకాలంగా కోరిక. కాబట్టి తప్పు ఎప్పుడు దొరుకుతుందా అని చాలాకాలంగా ఎదురుచూపు.

దొరికింది.

వంటగది గుమ్మంలోంచి రొవీనా తల బయటికి పెట్టింది. ముప్పై దాటిన మనిషి. తెల్లారకముందే లేచి గొర్రెల్ని చూసుకుని వచ్చింది. జుట్టులో గడ్డిపరక.

"నాన్నా, కప్పు సంగతి మర్చిపో."

"దొంగతనం చేసిందే కాక..."

"దాచాను. దొంగతనం వేరు, దాచడం వేరు."

"అది నేను గెల్చుకున్నది!"

"అందుకే దాచాను! లోతుగా దున్నాడని నీ మీద కేసు. లోతుగా దున్నినందుకు నీకు కప్పు. ఆ కప్పు మధ్యవర్తి కళ్లెదురుగా తళతళలాడుతూ కూర్చోవాలా? దానికి పక్కనే ఒక దీపం కూడా పెట్టమంటావా?"

"అవసరం లేదు. కిటికీ వెలుగు చాలు," అన్నాడు క్లెమెంట్.

రొవీనా తల లోపలికి పోయింది. లోపలినుంచి ఏదో పళ్లెం గట్టిగా పెట్టిన చప్పుడు వచ్చింది.

అసలు ఆ చేను పేరే సన్యాసుల చేను. అందులో సన్యాసులు ఎప్పుడూ ఉండలేదు. ఓ మూల కింద ఉన్నది రోమన్ల కాలంనాటి ఇల్లు, రంగురాళ్లు పొదిగిన గచ్చుతో సహా. అది సర్కారు రక్షణలో ఉంది. చట్టం చెప్పేది చిన్న మాటే: ఇదివరకు ఎంత లోతు దున్నుతున్నారో అంతే దున్నుకోండి, వేలెడు కూడా కిందికి దిగొద్దు. టక్‌వెల్ వాళ్లు తరతరాలుగా ఆరంగుళాలే దున్నారు. పోయిన అక్టోబరులో జిల్లా దుక్కి పోటీ ఆ చేలోనే పెట్టారు. చీట్లు వేస్తే క్లెమెంట్‌కి ఆ మూలే వచ్చింది. ఏళ్ల తరబడి పక్కూరి ఓస్బర్ట్ వెనక రెండోవాడిగా మిగిలిన క్లెమెంట్ ఆ రోజు మొదటి బహుమతి కొట్టాడు. "తొమ్మిదంగుళాలు, ఈ చివర్నించి ఆ చివరికి ఒకటే లోతు!" అని మైకులో చెప్పి చప్పట్లు కొట్టించారు.

ఆ తర్వాత వానలకి చేలో రంగురాళ్ల ముక్కలు తేలాయి. కుక్కని తిప్పడానికి వచ్చిన ఒక పెద్దమనిషి చూశాడు. ఈ దేశంలో శవాల్నీ, రోమన్లనీ, ఇరుగుపొరుగువాళ్ల తప్పుల్నీ కనిపెట్టేది కుక్కల్ని తిప్పేవాళ్లే.

ఆ ముక్కల్ని బ్యాడ్జర్లు బొరియలు తవ్వి పైకి తెచ్చాయని రొవీనా వాదన. కావచ్చు. బ్యాడ్జర్ని కదిలించకూడదని ఒక చట్టం, రోమన్ గచ్చుని కదిలించకూడదని ఇంకో చట్టం. ఆ చేలో ఎవరైనా కదిలించగలిగిన ప్రాణి క్లెమెంట్ ఒక్కడే.

*

వంటగదిలో కేకు పొయ్యిలో పొంగుతోంది. అది ఇంకో గొడవ.

"పామ్‌ఫ్రెట్ వద్దన్నాడు కదమ్మా," అంది రొవీనా. పామ్‌ఫ్రెట్ వాళ్ల ప్లీడరు. కేసు ఈ వారమని తెలిసీ పోర్చుగల్‌కి సెలవు మీద వెళ్లి, అక్కణ్నించి ఫోన్లో సలహాలిస్తున్నాడు. వెనకాల ఈతకొలనులో ఎవరో దూకుతున్న చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. "తీర్పు చెప్పే మనిషికి కేకు పెడితే లంచం అంటారట."

"ఇంటికొచ్చిన మనిషికి టీ ఒక్కటే పోసి పంపితే ఏమంటారో పామ్‌ఫ్రెట్‌కి తెలుసా?"

"అమ్మా..."

"ఎస్టేటు తరఫు పెర్రీక్కూడా సరిగ్గా అంతే ముక్క పెడతాను. ఇద్దరికీ సమానంగా పెడితే లంచం కాదు, మర్యాద."

పెర్రీ అంటే ఎస్టేటు ఏజెంటు. అసలు పేరు చాలా పొడుగు. "నన్ను పెర్రీ అనండి చాలు," అంటాడు అందరితోనూ. ఇల్లు ఖాళీ చెయ్యమని పంపిన నోటీసు కింద కూడా 'మీ పెర్రీ' అని సంతకం పెట్టాడు.

"నాన్న ఆరు అంటాడా?" అంది రొవీనా. గొంతు తగ్గించింది. "అమ్మా, నిజం చెప్పు. అంటాడా? ఆ ఒక్క ముక్క అంటే చాలు. వాళ్ల దగ్గర ఆ మైకు మాట తప్ప ఏమీ లేదు. పోటీ అయిన వారానికే మనం చేను చదును చేసి విత్తనం వేశాం. కొలవడానికి సాలే లేదు."

మేవిస్ పొయ్యి గాజుతలుపులోంచి కేకునే చూస్తోంది.

"నేను అబద్ధం చెప్పిస్తున్నాను కదా," అంది రొవీనా. "మా నాన్న చేత. నాకు తెలుసు. రాత్రంతా అదే ఆలోచన. కానీ ఈ గొర్రెల్ని ఎక్కడ పెట్టుకోనూ? నేనెక్కడికి పోనూ? నాకు ఇది తప్ప ఇంకో పని రాదు."

మేవిస్ పొయ్యి మంట కాస్త తగ్గించింది.

ఆవిడకి తెలిసింది ఈ ఇంట్లో ఇంకెవరికీ తెలీదు. పోయిన ఆదివారం భోజనాల తర్వాత, గిన్నెలు తుడుస్తూ తుడుస్తూ ఆవిడ అన్న హొరేస్ చెప్పాడు. ఆ రోజునుంచీ ఆవిడ కడుపులో ఆ మాట అరగని ముద్దలా అలాగే ఉంది.

*

హొరేస్ అరగంట ముందే దిగాడు. కేకు వాసన వస్తే ఆయన ఎప్పుడూ ముందే దిగుతాడు. ఆ పోటీకి న్యాయనిర్ణేత ఆయనే. కోటు మీద పోటీ నడిపే సంఘం బిళ్ల పెట్టుకుని వచ్చాడు.

మేవిస్ ఆయన మోచెయ్యి పట్టుకుని సరుకుల గదిలోకి లాగి తలుపు వేసింది. జామ్ సీసాల మధ్య ఇద్దరూ ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గరగా నిలబడ్డారు.

"ఇంకోసారి చెప్పు. సరిగ్గా ఏం జరిగిందో."

"చెప్పాగా. వాన. బూట్లలోకి నీళ్లు పోయాయి. కొలబద్ద కారులో ఉండిపోయింది. కారు ఆ చివర ఉంది."

"కొలవకుండా తొమ్మిది అని మైకులో చెప్పావ్."

"ఎనిమిదన్నర ఓస్బర్ట్‌ది. అంతకంటే తక్కువ చెబితే కప్పు వాడికే పోయేది."

"ఓస్బర్ట్‌ది కొలిచావా?"

"ఓస్బర్ట్‌ది వాన రాకముందు అయిపోయింది."

మేవిస్ కళ్లు మూసుకుని తెరిచింది. "కంటికి ఎంత కనిపించింది? మా ఆయనది?"

హొరేస్ పైకప్పు వైపు చూసి లెక్కకట్టాడు. "కంటికా? ఆరు. మంచి మనసుతో చూస్తే ఆరున్నర."

"మరెందుకలా చెప్పావ్, దేవుడా!"

"ఎందుకా? ఏటా నా అవస్థ నువ్వు చూడలేదా? శనివారం ఓడిపోతాడు. ఆదివారం నా ఎదురుగా కూర్చుని, మాట్లాడకుండా, ఆ బీఫు ముక్కని గంటసేపు నములుతాడు. ఎదురుగా మనిషి అలా నములుతుంటే ఎవరు తినగలరు? నీ చేతి గ్రేవీ ఏటా ఒక ఆదివారం నాకు విషం. ఒక్క ఏడు ప్రశాంతంగా తిందామనుకున్నాను."

"గ్రేవీ కోసం."

"మీ అందరి కోసం," అన్నాడు హొరేస్ హుందాగా.

"అయితే వెళ్లి ఆయనకి చెప్పు."

"నేనా!" హొరేస్ వెనక్కి జరిగాడు. సీసాలు గలగలమన్నాయి. "బిళ్ల పోతుంది. సంఘంలో పరువు పోతుంది. ఓస్బర్ట్ నన్ను బతకనివ్వడు. ఆ పైన క్లెమెంట్ నన్ను మళ్లీ గుమ్మం తొక్కనిస్తాడా? మధ్యవర్తి నన్ను అడిగితే చెప్తాను. అడక్కపోతే లేదు."

"కౌలు పోతే ఏ గుమ్మం తొక్కుతావు నువ్వు?"

హొరేస్ ఈ సంగతి ఇంతవరకూ ఆలోచించినట్టు లేదు. ఇప్పుడు కూడా ఎక్కువసేపు ఆలోచించలేదు.

"నువ్వే చెప్పు," అన్నాడు. "నీ నోటినుంచి అయితే మెత్తగా ఉంటుంది."

*

మేవిస్ ఇస్త్రీ చేసిన ప్యాంటు చేతిమీద వేసుకుని మెట్లెక్కింది. క్లెమెంట్ ఇప్పుడు పడగ్గదిలో మంచం అంచున కూర్చుని ఉన్నాడు. మెట్ల మీద గాలి కొడుతోందని లోపలికి మారినట్టున్నాడు.

ఆవిడ ప్యాంటు పక్కన పెట్టింది. తనూ కూర్చుంది. మంచం కిర్రుమంది.

"నన్ను అబద్ధం చెప్పమంటున్నారు మీరంతా," అన్నాడు క్లెమెంట్.

"ఒకవేళ అది అబద్ధం కాకపోతే?"

"అంటే?"

"అంటే... ఆ వానలో... ఎవరికి తెలుసు సరిగ్గా ఎంతో."

"నాకు తెలుసు. మీ అన్నకి తెలుసు. మైకులో చెప్పాడు. హొరేస్ తిండి విషయంలో ఎలాంటివాడైనా కొలత దగ్గర నిప్పు."

మేవిస్ దుప్పటి మీద లేని నలకని ఏరింది.

"మా నాన్న ఆ చేలో ఆరు దాటించలేకపోయాడు," అన్నాడు క్లెమెంట్. "ఎంత బలంగా వేసినా. ఆ నేల అలాంటిది. నా దుక్కి చూసి ఏమనేవాడో తెలుసా? పందులు పొర్లినట్టుంది అనేవాడు. జనం ముందే అనేవాడు. నాకు పెళ్లయి పిల్ల పుట్టాక కూడా అన్నాడు."

"తెలుసు. నేనూ అక్కడే ఉన్నా."

"ఆ రోజు హొరేస్ తొమ్మిది అన్నాడు చూడు. నేను వెనక్కి తిరిగి చూశాను." క్లెమెంట్ ప్యాంటు మడత సవరించాడు. "మా నాన్న పోయి ఎన్నేళ్లయింది! అయినా చూశాను. ఏమంటాడో అని."

కింద రొవీనా కుర్చీలు జరుపుతున్న చప్పుడు. ఎవరు ఏ పక్క కూర్చుంటే నిష్పక్షపాతంగా ఉంటుందో ఆ పిల్ల పొద్దుట్నించీ తేల్చుకోలేకపోతోంది.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. మేవిస్ ఊపిరి లోపలికి పీల్చింది.

"పిల్ల కోసం ఆరు అంటాను," అన్నాడు క్లెమెంట్ ఉన్నట్టుండి. "చెప్తాను. నా నోటితో నేనే చెప్తాను. కానీ కప్పు బయటికి రావాలి. కప్పు అక్కడ ఉంటే, నేను ఏం చెప్పినా, నిజం ఏంటో నాకు తెలుస్తూ ఉంటుంది."

పీల్చిన ఊపిరి అలాగే బయటికి వచ్చేసింది.

"ప్యాంటు వేసుకో," అంది మేవిస్.

*

కప్పు మాంసం దాచే ఫ్రీజరు అడుగున, బఠాణీ సంచుల కింద ఉంది. కిటికీ గట్టుమీద పెట్టేసరికి దానికి చెమటలు పట్టాయి. గదిలో చెమట పట్టనిది మధ్యవర్తి మిసెస్ డట్టన్‌కి ఒక్కదానికే.

ఆవిడ పొట్టిగా, శుభ్రంగా, బడిలో లెక్కల టీచరులా ఉంది. ముందుగా వాతావరణం గురించి నాలుగు మాటలు మాట్లాడింది. పెర్రీ కూడా వాతావరణం గురించి నాలుగు మాటలు మాట్లాడాడు. క్లెమెంట్ కూడా. వీళ్లలో ఒకరు ఇంకొకర్ని ఇంట్లోంచి గెంటడానికి వచ్చారని కొత్తవాళ్లకి చెప్పినా నమ్మరు.

మేవిస్ కేకు కోసింది. రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి, పెర్రీది కాస్త పెద్దదయిందని అనుమానం వచ్చి, అంచు చెక్కి హొరేస్ పళ్లెంలో వేసింది.

"మొదలుపెడదామా?" అంది మిసెస్ డట్టన్. "మిస్టర్ టక్‌వెల్, మీరు ఈ చేను మామూలుగా ఎంత లోతు దున్నుతారు?"

"ఆరంగుళాలు."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ."

"పోయిన అక్టోబరు పోటీలో?"

క్లెమెంట్ కప్పు వైపు చూశాడు. "ఆరు," అన్నాడు.

బల్ల కింద రొవీనా తల్లి చెయ్యి పట్టుకుంది.

పెర్రీ చాలా మెత్తగా దగ్గాడు. "క్షమించండి క్లెమెంట్, నాకు ఇలా అడగడం అసలిష్టం లేదు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను, గుడారంలో. మైకులో తొమ్మిది అని విన్నాను. నాతోపాటు ఊరంతా విన్నారు."

"మైకు సరిగ్గా పనిచెయ్యలేదు," అంది రొవీనా.

మిసెస్ డట్టన్ ఏదో రాసుకుని తలెత్తింది. గొంతులో వెటకారం లేదు. తెలుసుకుందామనే అడిగింది.

"అంటే మిస్టర్ టక్‌వెల్, మీది ఆరంగుళాల దుక్కే. మరి ఆ కప్పు మీకు రావలసింది కాదంటారా? పొరపాటున ఇచ్చారా?"

గడియారం చప్పుడు వినిపించింది. ఆ గదిలో గడియారం ఉందని చాలా ఏళ్లుగా ఎవరూ గమనించలేదు.

క్లెమెంట్ మెడ ఎర్రబడింది. ఆ ఎరుపు నెమ్మదిగా చెవులదాకా ఎక్కింది. మేవిస్‌కి ఆ ఎరుపు తెలుసు. పెళ్లిలో ఉంగరం జారి పడిపోయినప్పుడు చూసింది, మళ్లీ ఇప్పుడు.

"నాన్నా," అంది రొవీనా.

"తొమ్మిది," అన్నాడు క్లెమెంట్.

"నాన్నా!"

"తొమ్మిది దున్నాను! నా చేతుల్తో దున్నాను. ఆ కప్పు నాది. ఎవరూ పొరపాటున ఇవ్వలేదు."

రొవీనా మొహం రెండు చేతుల్లో పెట్టుకుంది. పెర్రీ ఫోర్కు పళ్లెం పక్కన పెట్టి, ఎంతో విచారంగా, మూతి తుడుచుకున్నాడు. "ఎంత నిజాయితీ," అన్నాడు. "నాకు నిజంగా బాధగా ఉంది."

"ఆరు," అంది మేవిస్.

అందరూ తిరిగారు.

"ఆరంగుళాలే. హొరేస్ కొలవలేదు. కొలబద్ద కారులో ఉంది. తొమ్మిదన్నది నోటికొచ్చిన అంకె."

అందరూ హొరేస్ వైపు తిరిగారు. హొరేస్ నోట్లో కేకు ఉంది. దాన్ని మింగడానికి ఇంత సమయం తీసుకున్న మనిషి ఆ జిల్లాలో ఇంకొకడు ఉండడు.

"ఆ రోజు వాన. కొలబద్ద కారులోనే ఉంది," అన్నాడు చివరికి.

క్లెమెంట్ హొరేస్‌ని చూడలేదు. మేవిస్‌నే చూస్తున్నాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"పోయిన ఆదివారం."

"అయితే ఇందాక ప్యాంటు తెచ్చినప్పుడు కూడా తెలుసు."

"తెలుసు."

"మా నాన్న సంగతి చెప్తున్నప్పుడు కూడా."

ఆ ప్రశ్నకి జవాబక్కర్లేదని ఇద్దరికీ తెలుసు.

"ఒక్క మాట," అన్నాడు పెర్రీ. విచారం పోయింది, గొంతు గట్టిపడింది. "ఇది మరీ వాటంగా లేదూ? రైతు తొమ్మిది అని ఒప్పుకున్నాడు. ఆ క్షణంలోనే రైతు భార్యకీ ఆవిడ అన్నకీ ఆరని గుర్తొచ్చింది."

"నిజమే," అంది మిసెస్ డట్టన్. "మిసెస్ టక్‌వెల్, మీరు చెప్పేది నిజం కావచ్చు. కానీ దున్నినవాడు ఒకటి అంటున్నాడు, కొలిచానని చెప్పినవాడు కొలవలేదంటున్నాడు. నేను దేన్ని పట్టుకోవాలి?"

కుర్చీ వెనక్కి తోసిన చప్పుడు. క్లెమెంట్ లేచాడు.

"దేన్నీ పట్టుకోనక్కర్లేదు," అన్నాడు. "రండి, చూపిస్తాను."

"ఎక్కడికి క్లెమ్?"

తలుపు ధడేల్మంది. కాసేపటికి పెరట్లోంచి ఆ పాత బూడిదరంగు ట్రాక్టరు దగ్గడం మొదలుపెట్టింది. క్లెమెంట్ తండ్రి కొన్నది. పోటీకి తప్ప దేనికీ బయటికి తియ్యనిది.

మిసెస్ డట్టన్ టీ ఆఖరి గుక్క తాగి లేచింది. "ఎలాగూ నేను చేను చూడాల్సిందే," అంది. "నా బూట్లు కారులో ఉన్నాయి."

*

సన్యాసుల చేలో రక్షిత భాగం చుట్టూ తెల్ల గూటాలు పాతి ఉన్నాయి. రొవీనా అందరికంటే ముందు పరుగెత్తి, వాటికి అడ్డంగా రెండు చేతులూ చాపి, గోల్‌కీపరులా నిలబడింది.

"ఇటువైపు కాదు నాన్నా! గూటాలకి బయట! బయట!"

"నాకు తెలుసు!" అని ట్రాక్టరు మీంచి అరుపు. "నేల ఒకటే! నాగలి ఒకటే! నేనూ ఒకణ్నే!"

ఇస్త్రీ ప్యాంటు, టై, తలమీద చదునైన టోపీ. వెనక రెండు సాళ్ల నాగలి. క్లెమెంట్ గూటాలకి బయట, కంచె పక్కన ట్రాక్టరుని నిలిపి, దిగి, లోతు మరని పోటీ రోజులాగే చివరిదాకా తిప్పి బిగించాడు. మళ్లీ ఎక్కాడు.

"ఎంత దిగితే ఏంటి సంగతి?" అని హొరేస్ నెమ్మదిగా అడిగాడు.

"ఆరు దగ్గర ఆగితే అమ్మ చెప్పింది నిజం, మనం ఉంటాం," అంది రొవీనా. ఆవిడ కళ్లు ట్రాక్టరు మీదే ఉన్నాయి. "తొమ్మిదికి దిగితే, ఆ రోజూ దిగిందనుకుంటారు. మనం పోతాం."

మేవిస్ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వచ్చేసింది. వాటిలోంచి తడి పైకి ఎక్కుతోంది. ఆవిడకి క్రిస్మస్‌కి తప్ప దేవుడితో పని పడదు. ఇప్పుడు పడింది. దేవుడా, మా ఆయన ఓడిపోవాలి. ఊరందరి ముందు కాకపోయినా కనీసం ఈ నలుగురి ముందు ఓడిపోవాలి. ఎన్నోసార్లు ఓడిపోయాడు, ఇంకొక్కసారి.

ట్రాక్టరు కదిలింది. ఇంజను గొంతు ఒక్కసారిగా దిగిపోయింది, బరువెత్తుకున్న మనిషి మూలిగినట్టు. నల్లని పొగ లేచింది. ఆగిపోతుందనుకుంది మేవిస్. ఆగలేదు.

నాగలి వెనక మట్టి తిరగబడుతోంది. నల్లగా, నిగనిగలాడుతూ, ఒకదానిమీద ఒకటి వాలుతూ. దారం పట్టి గీసినట్టు తిన్నగా.

మేవిస్‌కి ఆయన దుక్కి ఇన్నేళ్లుగా తెలుసు. ఇంత మంచి సాలు క్లెమెంట్ జన్మలో దున్నలేదు.

"బాగుంది," అన్నాడు పెర్రీ మెచ్చుకోలుగా. "చాలా బాగుంది."

"నోర్ముయ్యండి," అంది రొవీనా. ఆ తర్వాత, అలవాటు కొద్దీ, "క్షమించండి," అంది.

కంచె చివర క్లెమెంట్ ఇంజను ఆపి దిగాడు. ఆయన సాలు పక్కనే, మట్టిలో, ఇస్త్రీ ప్యాంటుకి మోకాళ్ల దాకా బురదతో నిలబడ్డాడు.

"హొరేస్! ఇప్పుడు కొలువు."

హొరేస్ చుట్టూ చూశాడు. సాయానికి ఎవరూ లేరు. మిసెస్ డట్టన్ సంచిలోంచి ఇనప కొలబద్ద తీసి ఆయన చేతిలో పెట్టింది.

"మీరు ఆ రోజు చెయ్యాల్సిన పని," అంది. "నేను పక్కనే ఉంటాను."

"నా కళ్లద్దాలు..."

"మెళ్లో వేలాడుతున్నాయి," అంది మేవిస్.

హొరేస్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. బద్దని సాలు గోడకి ఆనించి అడుగుదాకా దించాడు. దున్నని నేల అంచుకి సరిగ్గా బొటనవేలు పెట్టి నొక్కి పట్టుకున్నాడు. రొవీనా గూటాల దగ్గర్నించి కదల్లేదు, చేతులు మాత్రం కిందికి జారాయి. పెర్రీ మెడ చాచాడు. మిసెస్ డట్టన్ వంగింది.

క్లెమెంట్ బద్దని చూడటం లేదు. మేవిస్‌ని చూస్తున్నాడు.

హొరేస్ తలెత్తాడు. మొహంలో రంగు లేదు. బొటనవేలు మాత్రం బద్దమీంచి తియ్యలేదు.

"మేవిస్," అన్నాడు. "ఇది నువ్వొచ్చి చదువు. నీ నోటినుంచి అయితేనే మెత్తగా ఉంటుంది."